విశ్వాసంతో లేసు వ్యాపారం: ఒళ్లు అలవకుండా వర్ధిల్లే చిట్కాలు

నర్సాపురం చుట్టుపక్కల లేసు వ్యాపారం పెట్టబోయే విశ్వాసులు ముందు ఒక సంగతి మనసులో నాటుకోవాలి. ఈ అల్లికకు పునాది వేసింది మిషనరీలే. 19వ శతాబ్దంలో స్కాట్లండు నుంచి వచ్చిన మిషనరీ దంపతులు గోదావరి జిల్లాల ఆడవాళ్ల చేతికి సూది ఇచ్చి నేర్పిన విద్య ఇది. పునాది పరిశుద్ధమైనప్పుడు పైన లేచే మేడ గురించి మీరు బెంగపడాల్సిన పనిలేదు. చెమటోడ్చే భాగం ముందుతరాలు ముగించేశాయి. అనుభవించే భాగం మీకు మిగిలింది.

ఆరోగ్యకరమైన మనసు అంటే మంచం ఎక్కగానే నిద్ర పట్టే మనసు. మీకు అప్పిచ్చినవాళ్లకు పట్టకపోయినా మీకు పట్టాలి. నేను మనసారా మీ మేలు కోరి చెబుతున్నాను, కింది మెట్లు వరసగా ఎక్కండి.

1. బోర్డు ముందు, సరుకు తర్వాత.

బేతేలు, షాలోము, ఎబెనెజరు, ఏదో ఒక పేరు పెట్టండి. పేరు పక్కన శిలువ, దాని కింద పావురం, ఇంకా కింద మీ ఫొటో. జీఎస్‌టీ నంబరు బోర్డు మీద ఉండి తీరాలని నిబంధన కాబట్టి అదీ రాయించండి, అక్షరాలు మాత్రం చీమ తలంత ఉండేలా పెయింటరుకు చెప్పండి. పేరు వినగానే కొనేవాడికి నమ్మకం కుదరాలి. నమ్మకం కుదిరాక నాణ్యత చూసే ఓపిక ఎవరికీ ఉండదు.

2. ఆఫీసులో ప్రార్థన గది కట్టించండి.

గోడౌనుకు కిటికీ లేకపోయినా ఫరవాలేదు, ప్రార్థన గదికి ఏసీ ఉండాలి. తలుపుకు లోపలి గడియ, కింద పరుపు. బల్ల మీద బైబిలు కీర్తనల దగ్గర తెరిచి ఉంచండి, పేజీ మార్చకండి. జర్మనీ కొనుగోలుదారు పొద్దున 9 గంటలకు ఆఫీసు తెరిస్తే ఎండాకాలంలో మనకు 12.30 అవుతుంది. అంటే ఆయన ఫోన్లన్నీ సరిగ్గా మీరు అన్నం తిని నడుం వాల్చే వేళకే వస్తాయి. మీ కుర్రాడికి ఒకే వాక్యం నేర్పండి: "అయ్యగారు ప్రార్థనలో ఉన్నారండి." ఈ మాటకు ఎదురు చెప్పే మనిషి ఈ జిల్లాలో పుట్టలేదు. జర్మనీలో పుట్టినవాడు ఒకటి రెండుసార్లు చెబుతాడు, తర్వాత అడగడం మానేస్తాడు. అప్పటినుంచి మీ మధ్యాహ్నాలు పూర్తిగా ప్రశాంతం.

క్రిస్మస్ సరుకు వాళ్లకు సెప్టెంబరు నాటికే ఓడెక్కాలి. తొందరపెడితే "ఆయన చిత్తమైతే" అని జవాబు రాయండి. తేదీ రాయకండి.

3. తూకంలో నీతి తప్పకండి.

బైబిలు ఈ విషయంలో చాలా కటువుగా ఉంటుంది. లేవీయకాండం 19, సామెతలు 11, ఆమోసు 8, మూడుచోట్లా దొంగ తూకం మీద కోపమే. ద్వితీయోపదేశకాండం 25వ అధ్యాయమైతే సంచిలో పెద్దదొకటి, చిన్నదొకటి రెండు రకాల రాళ్లు ఉంచుకోవద్దని తేల్చేసింది. మీరు ఉంచుకోకండి. ఒకే ఒక్క ఎలక్ట్రానిక్ కాటా కొనండి. తూనికలు కొలతల శాఖవాళ్లతో ముద్ర వేయించండి. వాళ్లిచ్చిన కాగితాన్ని పాస్టరుగారి ఫొటో పక్కన ఫ్రేము కట్టించండి. రెండు రాళ్లు వద్దన్నారు గానీ రెండు వాతావరణాలు వద్దని ఏ ప్రవక్తా చెప్పలేదు.

పద్ధతి ఇది. నూలు గాలిలో తేమను పీలుస్తుంది. మామూలు గాలిలో ఉన్నా సరే, ఎండిన నూలు బరువుకు నూటికి 8.5 పాళ్ల తేమ చేరుతుందని నూలు వ్యాపారమంతా ఒప్పుకున్న లెక్క. ఇళ్లలో అల్లేవాళ్లకు పంచడానికి ఏజెంటు దారం తీసుకెళ్లే ముందురోజు రాత్రి ఉండల్ని తడి గోనెపట్టాల మధ్య పేర్చండి. తెల్లారి మంచు విడవకముందే కాటా వేసి 10 కేజీలు రాసుకోండి. అల్లిన పువ్వులు తిరిగొచ్చిన రోజున "బూజు పడుతుందమ్మా" అంటూ డాబా మీద నిండు ఎండలో పరిపించండి. మూడింటికి, ఇంకా వేడిగా ఉండగానే, కాటాకెక్కించండి. తొమ్మిదిన్నర కేజీలు కూడా తూగదు. తేడాను "దారం తరుగు" కింద రాసి కూలిలో కోసేయండి.

అల్లినామె ఊరుకోదు. "మూర దారం కూడా పారెయ్యలేదండీ, కత్తిరించిన ముక్కలు కూడా ఈ డబ్బాలోనే దాచానండీ" అంటూ నిజంగానే అగ్గిపెట్టంత డబ్బా తీసి చూపిస్తుంది. లోపల తెల్లటి పోగులు ఉంటాయి. ఆ పోగుల్ని కూడా కాటా మీద పెట్టి తూయండి. కాటా సున్నా చూపిస్తుంది, ఎందుకంటే అంత తక్కువ బరువు దానికి అందదు. "చూశావా అమ్మా, కాటా ఎవరి పక్షమూ కాదు" అనండి. గొంతులో దయ ఉండాలి. మీరు ఒక్క అబద్ధమూ ఆడలేదు, రాత్రి నిద్ర ఖాయం.

4. 'పని' అనే మాట నోట రానివ్వకండి.

ఇది ఈ వ్యాపారానికి గుండెకాయ, కాబట్టి నెమ్మదిగా చదవండి. జర్మనీకి చెందిన మరియా మీస్ అనే సమాజశాస్త్రవేత్త 1982లో నర్సాపురం లేసు అల్లేవాళ్ల మీద ఒక పుస్తకం అచ్చువేయించారు. ప్రపంచ మార్కెట్టు కోసం గంటల తరబడి అల్లే ఈ ఆడవాళ్లను అందరూ గృహిణులుగానే చూస్తారని, వాళ్ల శ్రమను తీరికవేళ కాలక్షేపంగా లెక్కగడతారని, కూలి అంత అడుగుకు పడిపోయింది అందుకేనని ఆమె వివరించారు. పాపం, ఆమె దాన్ని అన్యాయంగా ఎంచి రాశారు. మీరు దాన్ని పాఠంగా చదువుకోండి. పని అంటే కూలి అడుగుతారు, కూలి అంటే కనీస వేతనం అడుగుతారు. తీరిక అంటే ఎవరు ఏం అడుగుతారు?

కాబట్టి ఏజెంట్లకు, అల్లేవాళ్లకు, వాళ్ల మొగుళ్లకు కూడా ఒకటే చెప్పండి: "ఇంటిపట్టున ఉండి, టీవీ చూస్తూ, ఖాళీగా కూర్చోకుండా నాలుగు పువ్వులు." మీరిచ్చేదాన్ని కూలి అనకండి, 'ఆశీర్వాదం' అనండి. పేరు మార్చితే లాభం పెద్దది. కూలివాడి కూలి పొద్దు గుంకేలోగా ఇచ్చేయాలని ద్వితీయోపదేశకాండం 24లో ఉంది. కూలి ఎగ్గొట్టినవాళ్ల మీద యాకోబు పత్రిక 5వ అధ్యాయం మండిపడుతుంది. అవన్నీ కూలికి సంబంధించిన నిబంధనలు. ఆశీర్వాదానికి పొద్దూ లేదు, తారీఖూ లేదు.

శనివారం సాయంత్రం ఒకామె రానే వస్తుంది. "అయ్యగారండీ, మూడు వారాలవి ఆగిపోయాయండీ. పిల్లోడి ఫీజు కట్టాలండీ." జేబు తడుముకోకండి, అది నేరం ఒప్పుకున్నట్టు కనిపిస్తుంది. వెంటనే కళ్లు మూసుకుని చెయ్యి చాపి ప్రార్థన మొదలుపెట్టండి. పిల్లోడి పేరు అడిగి మరీ ప్రార్థించండి. వాడి చదువు, వాడి ఉద్యోగం, వాడు ఎక్కబోయే విమానం, అన్నీ రావాలి. ఆమె కళ్లు మూసుకునే ఉంటుంది, కన్నీళ్లు కూడా వస్తాయి. ఆమేన్ అన్న మరుక్షణం మీరే ముందు లేచి లోపలికి వెళ్లిపోండి. ప్రార్థన అయ్యాక మళ్లీ డబ్బు మాట ఎత్తడానికి ఆమెకు మొహమాటం అడ్డొస్తుంది. ఆ మొహమాటమే మీ పెట్టుబడి, బ్యాంకు వడ్డీ లేని పెట్టుబడి.

5. రిజిస్టరులో 9 మందికి మించి పేర్లు రాయకండి.

10 మంది అయితే ఈఎస్‌ఐ, 20 మంది అయితే పీఎఫ్. ఉతికేవాళ్లు, గంజి పెట్టేవాళ్లు, ఇస్త్రీ చేసేవాళ్లు, పెట్టెలు కట్టేవాళ్లు, వీళ్లందరినీ 'సేవకులు' అని పిలవండి. సేవకులకు జీతాల పట్టీ ఉండదు. తనిఖీకి వచ్చిన అధికారి "ఈ ఇరవై మంది ఎవరండీ?" అంటే "కూడికకు వచ్చారండి" అనండి. అందరి చేతిలో ఇస్త్రీపెట్టెలు ఉన్నా తడబడకండి.

6. దశమభాగానికి మూడు పుస్తకాలు వేయండి.

బ్యాంకుకు చూపించే పుస్తకంలో లాభం లావుగా ఉండాలి, లోను రావాలి కదా. ఆదాయపు పన్నుకు చూపించేదాంట్లో సన్నగా ఉండాలి. దేవుడికి చూపించేదాంట్లో సున్నా ఉండాలి. సున్నాలో పదోవంతు సున్నాయే కాబట్టి మలాకీ 3వ అధ్యాయానికి మీరు పైసా బాకీ లేరు. పుస్తకాలు తారుమారు కాకుండా మూడు రంగుల అట్టలు వేసుకోండి. ఒకాయన దేవుడి లెక్కున్న ఎర్ర అట్ట తీసుకెళ్లి బ్యాంకు మేనేజరుకిచ్చి దశమభాగం పెట్టెలో బ్యాంకు లెక్కున్న పచ్చ అట్ట వేశాడు, ఇలాంటి అజాగ్రత్త పనికిరాదు.

అయినా కానుకలు ఇవ్వాలి, ఇచ్చినట్టు కనబడాలి. కుడిచేయి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదని కొండమీది ప్రసంగం చెబుతుంది. ఎడమచేతికి చెప్పకండి, మైకులో చెప్పించండి. మందిరానికి ఒక సీలింగ్ ఫ్యాను ఇవ్వండి. మూడు రెక్కల మీదా మీ పేరు, కంపెనీ పేరు, ఫోన్ నంబరు రాయించండి. ఫ్యాను తిరిగితే పేరు కనబడదు కాబట్టి మీటలున్న బోర్డు దగ్గర కూర్చునే కుర్రాడికి టీ డబ్బులిచ్చి ఆరాధన అయిపోయేవరకు మొదటి నంబరులోనే తిరిగేలా చూసుకోండి. మే నెలలో జనం ఉడికిపోతారు. ఉడికేవాళ్లు తల పైకెత్తి ఫ్యానునే చూస్తారు.

ఇంట్లో అమ్మ మందులకు డబ్బు అడిగితే, "ఆ డబ్బు దేవుడికి మొక్కేశానమ్మా" అనండి. ఈ ఉపాయం కొత్తది కాదు. మార్కు 7వ అధ్యాయంలో కొర్బాను పేరుతో పరిసయ్యులు వాడిందే. అక్కడ యేసు దాన్ని గద్దించిన వచనాలు వెంటనే వస్తాయి, మీరు ఆ పైనే ఆపేయండి.

7. అప్పు సంఘంలోనే తీసుకోండి.

బయటివాడు ఆస్తి కాగితాలు అడుగుతాడు. సంఘంలోవాళ్లు మీ సాక్ష్యం వింటే చాలంటారు. రిటైరైన టీచరమ్మలు, గల్ఫు నుంచి తిరిగొచ్చిన డ్రైవర్లు, కూతురి పెళ్లికి దాచుకున్న తండ్రులు, వీళ్లు శ్రేష్ఠులు. కాటేజీ ప్రార్థన అయ్యాక టీ తాగుతుండగా కదపండి. నూటికి రెండు రూపాయల వడ్డీ అనండి. ఎంత ఒప్పుకున్నా కట్టబోయేది ఒకటే కాబట్టి బేరం ఆడకండి. ప్రోనోటు రాసివ్వండి, సంతకం చేసేముందు ఒక నిమిషం మౌనం పాటించండి.

ప్రోనోటు మీద దావా వేయడానికి మూడేళ్ల గడువు. ఆ మూడేళ్లు గడిపేయడమే మీ పని. మొదటి ఏడాది "ఆర్డరు రాబోతోంది టీచరమ్మగారూ" అనండి. రెండో ఏడాది "శోధనలో ఉన్నామండి" అనండి. మూడో ఏడాది కొంచెం మర్యాదగా ఉండాలి. ఇంటికి కేకు పంపండి, ఆసుపత్రిలో ఉంటే వెళ్లి చూసి రండి. ఏం చేసినా సరే, నోటు వెనక చెల్లు మాత్రం వేయకండి. వంద రూపాయలు కట్టి చెల్లు రాసి సంతకం పెట్టారా, గడువు మళ్లీ మొదటికొస్తుంది. దయతో చెడిపోయిన వ్యాపారులు చాలామంది ఇక్కడే చెడ్డారు. టీచరమ్మ చెక్కు అడిగితే ఇవ్వకండి. చెక్కు తిరిగొచ్చి, ఆమె పంపిన నోటీసు అందిన 15 రోజుల్లో మీరు కట్టకపోతే 138 సెక్షను కింద రెండేళ్ల దాకా జైలు ఉంది. కాగితానికి లేని కోరలు చెక్కుకు ఉన్నాయి.

ఆమె కోర్టు మాట ఎత్తితే కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయం తెరవండి. విశ్వాసి విశ్వాసి మీద అన్యజనుల కోర్టుకెక్కడం ఏమిటని పౌలు బాధపడ్డ చోటు అది. పెద్దల ముందు మెల్లగా చదివి వినిపించండి. ఆ తర్వాత ఆదివారం, ప్రభువు నేర్పిన ప్రార్థన అందరూ కలిసి చెబుతుండగా, ఋణస్థుల్ని క్షమించే మాట దగ్గర ఆమె వైపు తిరిగి గొంతు పెంచండి. సంఘం మొత్తం ఆమెనే చూస్తుంది. క్షమించలేని మనిషి అన్న పేరు మోయడం కన్నా డబ్బు వదులుకోవడం తేలిక అని ఆమెకే తోస్తుంది.

8. చలవ వేసే చిన్న యూనిట్లకు 45 రోజుల్లో కట్టకండి.

చిన్న పరిశ్రమలకు బాకీ గడువులోగా తీర్చకపోతే ఆ ఖర్చు డబ్బు కట్టిన ఏడాది లెక్కలోనే చెల్లుతుందని ఆదాయపు పన్ను చట్టంలో నిబంధన ఉంది. ఉద్యం రిజిస్ట్రేషను ఉందా అని వాళ్లను అడగకండి, మీకు తెలియనట్టే ఉంటుంది. పన్ను పెరిగితే ఆడిటరును తిట్టండి. నెలనెలా 20వ తేదీ జీఎస్‌టీ రిటర్ను కూడా ఇంతే. రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము, బాకీ పన్ను మీద 18 శాతం వడ్డీ. కైసరు నాణెం ఉదంతం మీద ఉజ్జీవ సభలో మంచి ప్రసంగం పెట్టించండి, రిటర్ను సంగతి ప్రసంగం అయ్యాక చూసుకోవచ్చు.

9. మిషను లేసు కలపండి.

అల్లేవాళ్లు మెల్లగా తగ్గిపోతారు. మూడు వారాల ఆశీర్వాదం ఆగినవాళ్లు రొయ్యల షెడ్డుకు పోతారు, అక్కడ తలలు తీస్తే సాయంత్రానికి డబ్బు చేతిలో పడుతుంది. వాళ్లను ఆపకండి, వెళ్లినవాళ్ల పాత బాకీ కూడా వాళ్లతోనే వెళ్లిపోతుంది. ఆర్డరు మిగిలి ఉంటుంది కాబట్టి చైనా మిషను లేసు తెప్పించి టేబుల్ క్లాతుల మధ్య వరసల్లో అతికించండి. అంచులు మాత్రం చేతి అల్లికే ఉండాలి, చూసేవాడు ముందు అంచే పట్టుకుంటాడు. నర్సాపురం లేసుకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది, ఆ ముద్రను పెట్టె మీద పెద్దగా వేయించండి. పౌలు డేరాలు కుట్టి తన పొట్ట తాను పోషించుకున్నాడన్న కథ ఈ దశలో ఎవరికీ చెప్పకండి. ఊదారంగు సరుకు అమ్మిన లూదియ గురించి చెప్పండి, ఆమె వ్యాపారి, ఇల్లు పెద్దది.

మిషను లేసు ముడి సూది అల్లికలా అచ్చంగా రాదు. కాబట్టి కొనుగోలుదారు ఇంట్లో పనిచేసే ముసలావిడ కూడా ముడి చూసి పట్టేస్తుంది. పట్టనివ్వండి. కంటైనరు వెనక్కి వస్తుంది, దాని కిరాయి మీరే కడతారు, తర్వాతి ఆర్డరు ఉండదు. దీనితో మీ విశ్వాస జీవితం అసలు దశకు చేరుతుంది.

10. ఇప్పుడు సాతానును రంగంలోకి దించండి.

ఇంతవరకు సరుకు పాడైంది, ఏజెంట్లు వెళ్లిపోయారు, కొనుగోలుదారు పోయాడు. వీటన్నిటికీ మీ పేరు రాకూడదు. "దాడి జరుగుతోంది" అని వాట్సాప్ గ్రూపులో పెట్టండి. దాడి చేసేది ఎవరో చెప్పకండి, చదివేవాళ్లు తలొకరిని ఊహించుకుంటారు. 21 రోజుల ఉపవాస ప్రార్థన ప్రకటించి, దాని ఖర్చుకు చందా వసూలు చేయండి. లెక్కల పుస్తకాలు ఎవరైనా అడిగితే ఇది లెక్కలు చూసే సమయం కాదని, మోకాళ్ల మీద ఉండే సమయమని చెప్పండి.

11. బ్యాంకుకు భయపడకండి.

వాయిదా 90 రోజులు దాటితే ఖాతా మొండిబాకీల్లో పడుతుంది. తర్వాత 60 రోజుల గడువుతో నోటీసు వస్తుంది. ఆ 60 రోజుల్లో చేయవలసిన పని ఒక్కటే: తనఖా పెట్టిన గోడౌను మీద 'ప్రార్థనా మందిరం' అని బోర్డు కట్టి, నాలుగు కుర్చీలు, ఒక కీబోర్డు పెట్టించండి. జప్తుకు వచ్చినవాళ్లు పాట వినబడితే గుమ్మం దగ్గర ఆగుతారు. ఒక పూట ఆగుతారు. ఆ పూటలో ఏసీ విప్పించుకుని ఇంటికి పట్టుకెళ్లండి. గోడౌను ఫొటోతో పేపర్లో వేలం ప్రకటన పడుతుంది. ఆ కాగితాన్ని కత్తిరించి దాచండి, కింది మెట్టులో పనికొస్తుంది.

12. సాక్ష్యం చెప్పండి.

తెల్ల చొక్కా వేసుకోండి, వాచీ తీసేయండి. యోబు సంగతితో మొదలుపెట్టండి. యోబుకు మొదట 7,000 గొర్రెలు, చివరికి 14,000. మొదట 3,000 ఒంటెలు, చివరికి 6,000. అంకెలు కంఠతా ఉండాలి, అంకెలు చెప్పేవాడిని జనం నమ్ముతారు. వేలం ప్రకటన జేబులోంచి తీసి పైకెత్తి చూపండి. యోబు కూలి ఎగ్గొట్టినవాడు కాడని వెనక బెంచీలోంచి ఎవరైనా అంటే, పాట ఎత్తుకోమని క్వయరుకు సైగ చేయండి. టీచరమ్మ కూడా ఏడుస్తుంది. ఆమె దేనికి ఏడుస్తోందో విచారించకండి.

మర్నాడే భార్య పేరు మీద కొత్త కంపెనీకి దరఖాస్తు పెట్టండి. పాత బోర్డు పారేయకండి, పేరు ఒక్కటే చెరిపి శిలువను, పావురాన్ని అలాగే ఉంచితే పెయింటు ఖర్చు సగం కలిసొస్తుంది. దారం ఈసారి రాజమండ్రిలో అరువు తెచ్చుకోండి. నర్సాపురంలో మీ సాక్ష్యం విననివాళ్లు లేరు.